చెన్నైలో ఉప్పునీటి లూర్ కాస్టింగ్‌కి ఏ బ్రెయిడ్ తీసుకోవాలి? 4 పోగులా, 8 పోగులా?

తాంబరం గాలం

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర, ఉద్యోగం వల్ల చెన్నైలో ఉంటున్నాను. ఇంతకాలం నైలాన్ దారానికి సీసం గుండు కట్టి, రొయ్య గుచ్చి అడుగున వేసే పద్ధతే నాకు అలవాటు. ఇప్పుడు పూర్తిగా లూర్ల (నిజం ఎరకు బదులు వాడే కృత్రిమ ఎరల) వైపు వచ్చేశాను. రాడ్ 9 అడుగులది, దాని మీద లూర్ బరువు 15–40 గ్రాములు అని రాసి ఉంది. రీలు 4000 సైజు స్పిన్నింగ్. లూర్లు ఎక్కువగా 20 నుంచి 28 గ్రాముల మెటల్ జిగ్‌లు (లోహపు లూర్లు), కొన్ని మిన్నోలు (చిన్న చేప ఆకారంలో ఉండేవి), రెండు పాపర్లు (నీటి పైన కుదుపుతూ ఆడించేవి). పొద్దున్నే కోవళం రాళ్ల మీదికి వెళ్తాను, సెలవు దొరికితే ముట్టుకాడు, ఊరికి వెళ్లేటప్పుడు దారిలో పులికాట్ వైపు ఆగుతాను. పండుగప్ప, పారై (ట్రెవల్లీ) నా టార్గెట్. షీలా (బారకుడా), చిన్న వంజరం తగిలితే సంతోషమే.

ఇబ్బంది ఏమిటంటే రీల్లో ఉన్నది 0.35 మిల్లీమీటర్ల నైలాన్. లూర్ ఎంత గట్టిగా విసిరినా నేననుకున్న చోట పడదు, పడ్డాక అది నీళ్లలో ఏం చేస్తోందో చేతికి తెలియదు, చేప కొట్టిందో నాచు తగిలిందో కూడా అర్థం కాదు. బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) వేసుకోమని అందరూ అంటున్నారు కానీ ఏది వేసుకోవాలో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. దుకాణంలో అడిగితే 12 పోగులది, 40 పౌండ్లది తీసుకో, ఇక తిరుగుండదు అన్నారు. వీడియోల్లో 20 పౌండ్లు చాలంటున్నారు. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు దొరికే ఒక డబ్బా మీద 0.10 మిల్లీమీటర్లు, 40 పౌండ్లు అని ఉంది, జపాన్ కంపెనీ డబ్బా మీద అదే 40 పౌండ్లకు 0.23 పైన ఉంది. రెండూ నిజం కావడం ఎలా కుదురుతుంది? నా బడ్జెట్ రెండు వేలు. ఎన్ని పోగులు, ఎంత మందం, ఏ రంగు, ఎన్ని మీటర్లు, కాస్త వివరంగా చెప్పండి. ఒకసారే కొంటాను, సరైనదే కొనాలని ఉంది.

కోవళం రాళ్లు

తమ్ముడూ, ముందు పౌండ్ల అంకెను పక్కన పెట్టు. బ్రెయిడ్ కొనేటప్పుడు చూడాల్సింది మందం. మందానికి నమ్మదగిన కొలత డబ్బా మీద పీఈ (పాలిథిలీన్) అని ఉండే నంబరు. పీఈ 1 అంటే సుమారు 0.165 మిల్లీమీటర్లు, 1.5 అంటే 0.205, 2 అంటే 0.235, 3 అంటే 0.285. మంచి జపాన్ లైన్లలో పీఈ 1కి 20 పౌండ్లు, 1.5కి 30, 2కి 40 దాకా వస్తాయి. దీనికి చాలా దూరంగా ఉన్న అంకె ఎక్కడ కనపడినా ఆ డబ్బా అక్కడే పెట్టేసి వచ్చెయ్. 0.10లో 40 పౌండ్లు అనేది జరిగే పని కాదు. లోపల ఉండేది 0.10 అయినా కాకపోవాలి, 40 అయినా కాకపోవాలి.

నీ రాడ్‌కి, నీ లూర్లకి పీఈ 1.5. ఇందులో నాకు అనుమానమే లేదు. 30 పౌండ్లంటే పదమూడున్నర కిలోలు. డ్రాగ్‌ని (చేప గట్టిగా లాగితే లైను వదిలే రీలు బిగువుని) లైను బలంలో నాలుగో వంతు దగ్గర పెడతాం, అంటే మూడున్నర కిలోలు. రాడ్ చేత్తో పట్టుకుని, లైను చివర స్ప్రింగ్ కాటా కట్టి మూడున్నర కిలోలకు లాగి చూడు. నీ 40 గ్రాముల రాడ్ ఏ మేరకు వంగుతుందో, నీ నడుము ఏమంటుందో తెలుస్తుంది. ఆ రాడ్‌తో అంతకు మించి నువ్వు లాగలేవు. అలాంటప్పుడు 40 పౌండ్ల లైను వేసుకుంటే ఆ అదనపు బలం ఎప్పటికీ వాడుకోవు, అదనపు మందం మాత్రం ప్రతి కాస్ట్‌లోనూ మోస్తావు. మందం పెరిగితే రాడ్ రింగుల్లో రాపిడి పెరుగుతుంది, గాలి ఎక్కువ పట్టుకుంటుంది, స్పూల్ (రీల్లో లైను చుట్టుకునే చక్రం) మీద లైను తొందరగా దిగిపోతుంది కాబట్టి అంచుకు రాసుకుంటూ పోతుంది. మూడూ కలిసి దూరాన్ని తినేస్తాయి. కోవళంలో మన ముఖం తూర్పుకే కదా, ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఎదురుగాలికి విసిరితే పీఈ 1.5కి, 2.5కి తేడా కళ్ల ముందే కనిపిస్తుంది.

పోగుల సంగతి. 4 పోగుల అల్లిక గుండ్రంగా రాదు, కాస్త పలకలుగా, గరుకుగా ఉంటుంది. రింగుల్లోంచి వస్తుంటే బరబరమని చప్పుడు వినిపిస్తుంది. 8 పోగులది గుండ్రంగా, నున్నగా ఉంటుంది, చప్పుడు తక్కువ, దూరం ఎక్కువ. 12 అంటే ఇంకా నునుపు, నిజమే. కానీ అదే మందంలో 12 పోగులు పట్టాలంటే ఒక్కో పోగు సన్నబడాలి. మనం నిలబడేది రాళ్ల మీద, అక్కడ సన్న పోగు ఒక్క గాటుకే తెగుతుంది. కాబట్టి 8 తీసుకో. డైవా జె-బ్రెయిడ్, షిమానో కైరికి లాంటివి చూడు. నకిలీలు తిరుగుతున్నాయి, అందుకని కాస్త ఎక్కువైనా తెలిసిన చోటే కొను.

రంగు నీకోసం, చేపకోసం కాదు. తెల్లవారుజామున మసక వెలుతురులో లైను ఎటు పోతోందో నీకు కనపడాలి. పసుపో, లేత ఆకుపచ్చో ఏదో ఒకటి. చేప కంటికి ఎదురుగా ఉండేది లీడర్, అంటే బ్రెయిడ్‌కి, లూర్‌కి మధ్య కట్టే దారం. ప్రతి 10 మీటర్లకు రంగు మారేవి పడవ మీద నిలువుగా జిగ్గింగ్ చేసేవాళ్లు (జిగ్‌ని కిందికి దించి కుదిపేవాళ్లు) లోతు లెక్క పెట్టుకోవడానికి. ఒడ్డు నుంచి విసిరేవాళ్లకు వాటితో పెద్ద పని లేదు.

150 మీటర్లు తీసుకోవద్దు. కాస్ట్ అరవై డెబ్భై మీటర్లు పోతుంది, ఆ పైన మంచి పారై పట్టుకుంటే ఇంకో యాభై ఈజీగా లాగేస్తుంది. ముడి వేసినప్పుడల్లా కొంచెం కత్తిరిస్తాం, చిక్కు పడితే ఇంకొంచెం పోతుంది. 300 అయితే నిశ్చింత, కనీసం 200.

ముట్టుకాడు వంతెన

కోవళం అన్న చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను కానీ 8 పోగులే అని ఖాయం చేసేయడం నాకు నచ్చలేదు. ఆయన ఆడేది తెరిచిన సముద్రంలో. తమ్ముడు ముట్టుకాడు కూడా రాశాడు. ఉప్పుటేట్లో వంతెన స్తంభాల దగ్గర విసిరేది ఇరవై పాతిక మీటర్లు, అక్కడ దూరం ఎవరికి కావాలి? స్తంభం నిండా ఆలిచిప్పలు అతుక్కుని ఉంటాయి, ఒక్కోదాని అంచు బ్లేడే. పండుగప్ప లూర్ అందుకున్న మరుక్షణం స్తంభం వైపే తిరుగుతుంది, దానికి తెలిసిన దారి అదొక్కటే. అక్కడ కావలసింది దాన్ని మొదటి రెండు మూడు సెకన్లలో ఆపి ఇవతలికి తిప్పే లైను.

నా పద్ధతి పీఈ 2, 4 పోగులది. అదే మందంలో ఒక్కో పోగు లావు కాబట్టి చిప్ప గీసినా పైన కొంచెం నూగు లేచి ఆగుతుంది, 8 పోగుల దాంట్లో ఆ గీతకే రెండు పోగులు పోతాయి. ఇంకో లాభం ఎవరూ చెప్పనిది. 4 పోగులది కాస్త బిరుసు. మెత్తటి 8 పోగుల సన్న లైను గాలిలో రాడ్ కొస రింగుకు చుట్టుకుంటుంది, అది చూసుకోకుండా విసిరితే లూర్ తెగి ఎగిరిపోతుంది, ఒక్కోసారి రాడ్ కొసే విరుగుతుంది. పాపర్ ఆడించేటప్పుడు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఒక్కో కుదుపు తర్వాత లైను వదులవుతుంది. బిరుసు లైను ఆ వదులులో కూడా కాస్త నిటారుగా నిలుస్తుంది.

అయితే ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. బిగువుగా ఉన్న బ్రెయిడ్ ఆలిచిప్ప అంచుకు సూటిగా తగిలితే 4 అయినా 8 అయినా తెగుతుంది. నైలాన్ కాసేపు సాగి, నలిగి తట్టుకుంటుంది, బ్రెయిడ్‌కి సాగడమే రాదు. రాళ్ల నుంచి, చిప్పల నుంచి కాపాడేది లీడర్. నాలుగు పోగులు మనకిచ్చేది ఒక అర అవకాశం, అంతే. ఆ అర అవకాశంతో చేప బయటికి వచ్చిన రోజులు ఉన్నాయి కాబట్టి నేను దాన్ని వదులుకోను.

కోవళం రాళ్లు

ఉప్పుటేరు వరకు నీ మాట సరే. కానీ అతనికి ఉన్నది ఒకే రీలు, ఒకే రాడ్, వాడకం ఎక్కువగా కోవళం. ఒకే లైనుతో రెండు చోట్లా ఆడాలంటే 8 పోగుల 1.5 పెట్టుకుని, ముట్టుకాడు వెళ్లిన రోజు లీడర్ మార్చుకోవడం మేలు. 9 అడుగుల రాడ్ వంతెన కింద ఎలాగూ ఇబ్బందే, అది వేరే సంగతి.

పోగులెక్క

నేను నూలు, దారాల పరీక్ష పనిలో ఉంటాను, అంబత్తూర్ వైపు. చేపలు పట్టడంలో మీ అందరికన్నా జూనియర్‌ని, కానీ దారం గురించి కొంచెం చెప్పగలను. తమ్ముడు అడిగిన 0.10, 0.23 ప్రశ్న చాలా మంచి ప్రశ్న.

బ్రెయిడ్ మందాన్ని మైక్రోమీటర్ పెట్టి కొలవడం కుదరదు. అది గట్టి తీగ కాదు, నొక్కితే చదునవుతుంది, ఎంత నొక్కితే అంత సన్నగా చూపిస్తుంది. అందుకే డబ్బా మీద మిల్లీమీటర్ల అంకెను ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకుంటున్నారు. జపాన్ వాళ్ల పీఈ నంబరు మందాన్ని బట్టి పెట్టింది కాదు, బరువును బట్టి పెట్టింది. పీఈ 1 అంటే 200 డెనియర్. డెనియర్ మా పనిలో రోజూ వాడే మాట, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. అంటే పీఈ 1 దారం 9,000 మీటర్లు 200 గ్రాములు. పీఈ 2 అంటే సరిగ్గా రెండింతల దారం. మందం రెండింతలు కాదు, లోపలి సరుకు రెండింతలు. 0.165, 0.235 అంకెల్ని వర్గం చేసి చూస్తే ఆ రెండింతలు కనిపిస్తుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. పీఈ 1.5 అంటే 300 డెనియర్, 150 మీటర్లకు 5 గ్రాములు, 300 మీటర్లకు 10 గ్రాములు. రంగు, పైపూత బరువు దానికి కొంచెం కలుస్తుంది. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే లైనుతో ఉన్న డబ్బా చక్రాన్ని ముందు తూచండి, లైను రీలు మీదికి ఎక్కించాక ఖాళీ చక్రాన్ని తూచండి. పీఈ 1.5 అని రాసిన 300 మీటర్ల లైను 16, 17 గ్రాములు తూగిందంటే అది 1.5 కాదు, 2.5కి దగ్గర. అలాంటి లైను 40 పౌండ్లు మోసినా ఆశ్చర్యం లేదు, మందంగా ఉంది కాబట్టి మోస్తుంది. అందులో నైపుణ్యం ఏమీ లేదు, అంకె మాత్రమే తప్పు.

ముడిసరుకు గురించి కూడా కొంచెం. బ్రెయిడ్ లైన్లన్నీ దాదాపు ఒకే జాతి పాలిథిలీన్ పోగుతో అల్లినవి, డైనీమా, స్పెక్ట్రా అని పేర్లు వింటుంటారు, అవి ఆ పోగు బ్రాండు పేర్లు. ఈ పోగుకు మూడు గుణాలు గుర్తు పెట్టుకోండి. సాగదు, తెగే ముందు కూడా నాలుగైదు శాతం సాగితే గొప్ప, నైలాన్ అయితే ఇరవై శాతం పైగా సాగుతుంది. మీకు చేప దెబ్బ చేతికి తెలియకపోవడానికి కారణం అదే, మీరు దూరంలో ఉన్న లూర్‌ని ఒక పొడవాటి రబ్బరు తాడుతో లాగుతున్నట్టు. రెండోది, నీటికన్నా తేలిక, సాంద్రత 0.97, కాబట్టి తేలుతుంది. పాపర్‌కి అది మంచిది, మెటల్ జిగ్ అడుగుకు దించేటప్పుడు పక్కగాలి ఉంటే తేలే లైను విల్లులా వంగిపోతుంది, అది గమనించుకోవాలి. సఫిక్స్ 832 అనే బ్రెయిడ్‌లో ఎనిమిది పోగుల్లో ఒకటి బరువైన గోర్ కంపెనీ పోగు పెట్టింది కొంతవరకు ఇందుకే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఈ పోగుకు వేడి పడదు, సుమారు 150 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నైలాన్ 6 అయితే 220 దాకా ఆగుతుంది. ముడిని పొడిగా సర్రున బిగిస్తే ఆ రాపిడి వేడికే లోపలి పోగులు దెబ్బతింటాయి, పైకి ఏమీ కనపడదు, తర్వాత చేప లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. తడిపి, మెల్లగా బిగించండి.

తాంబరం గాలం

పోగులెక్క గారూ, ఈ బరువు లెక్క నాకు ఎక్కడా దొరకలేదు, చాలా థాంక్స్. మా బావగారి దగ్గర ఆ కాటా ఉంది, తప్పకుండా తూచి చూస్తాను.

అన్నలూ, నిర్ణయం దాదాపు అయిపోయింది, 8 పోగులు, పీఈ 1.5, 300 మీటర్లు. ఇంకో మూడు అడుగుతాను. స్పూల్ కింద నైలాన్ వేయాలంటున్నారు, ఎందుకు, ఎంత? బ్రెయిడ్‌కి లీడర్ కట్టడానికి ఎఫ్‌జీ ముడి తప్పదా, డబుల్ యూని ముడి నాకు వచ్చు, సరిపోదా? షీలా, వంజరం పళ్లకు తెగకుండా లూర్ ముందు లోహపు తీగ వాడాలా?

కోవళం రాళ్లు

స్పూల్ మీద బ్రెయిడ్‌ని నేరుగా కడితే మొత్తం చుట్ట స్పూల్ మీద జారి తిరుగుతుంది. నువ్వు డ్రాగ్ ఎంత బిగించినా చేప లైను లాక్కుపోతూనే ఉంటుంది, డ్రాగ్ పాడైందని అనుకుంటావు. అందుకని అడుగున పది పదిహేను మీటర్ల నైలాన్ గట్టిగా చుట్టి దానికి బ్రెయిడ్ కట్టాలి. స్పూల్ ఇంకా ఖాళీగా అనిపిస్తే నైలాన్ పెంచు. పైన అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి నింపాలి. అంతకన్నా తక్కువైతే దూరం పోదు, అంచుదాకా నింపితే చుట్టలు చుట్టలుగా ఒకేసారి ఊడి వచ్చి చిక్కు పడుతుంది.

నింపేటప్పుడు బిగువు ముఖ్యం. డబ్బా చక్రాన్ని ఎవరైనా పట్టుకుంటే మేలు. తడి గుడ్డను లైను చుట్టూ మడిచి, రీలుకు ముందు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, ఆ గుడ్డలోంచి లైను పోతుంటే మెల్లగా చుట్టు. వేళ్లకు కొంచెం నొప్పి తెలియాలి, అంత బిగువు. వదులుగా చుడితే మంచి చేప పడ్డప్పుడు పై వరుస కింది వరుసల మధ్యకు దిగబడిపోతుంది, తర్వాతి కాస్ట్ మధ్యలో టక్కున ఆగి, లూర్ ఒక్కటే హాయిగా సముద్రంలోకి వెళ్లిపోతుంది.

విండ్ నాట్ (విసిరేటప్పుడు లైనుకు పడే చిక్కు) అని అందరూ గాలిని తిడతారు, అసలు కారణం స్పూల్ మీద వదులుగా పడ్డ ఒక చుట్ట. లూర్ నీళ్లలో పడ్డాక హ్యాండిల్ తిప్పి బెయిల్ (లైనును పట్టి స్పూల్ మీదికి చుట్టే రీలు తీగ) మూయకు, చేత్తో మూసి, రీలు ముందు లైను పట్టుకుని ఒకసారి లాగు, లైను బిగిశాక చుట్టడం మొదలుపెట్టు. ఈ ఒక్క అలవాటుతో చిక్కులు చాలావరకు పోతాయి.

ముడి విషయంలో డబుల్ యూని చెడ్డది కాదు, కానీ అది లావుగా వస్తుంది. నీ రాడ్ మీద మీటరున్నర లీడర్ పెట్టుకుంటే ముడి రింగుల లోపలికి వస్తుంది, ప్రతి కాస్ట్‌లోనూ రింగులకు కొట్టుకుంటూ పోతుంది. ఎఫ్‌జీలో లీడర్‌ని వంచే పని లేదు, బ్రెయిడే లీడర్ చుట్టూ ఎక్స్ ఆకారంలో అల్లుకుని పట్టుకుంటుంది, అందుకే సన్నగా ఉంటుంది, బలం కూడా దాదాపు ఏమీ పోదు. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని నేర్చుకో, రాళ్ల మీద కాదు. రాడ్‌ని గోడకు ఆనించి బ్రెయిడ్ చివరను నడుముకో, పళ్లకో పట్టుకుని తీగలా బిగువుగా పెట్టుకో. లీడర్‌ని దాని మీద ఒకసారి పై నుంచి, ఒకసారి కింద నుంచి మార్చి మార్చి చుట్టు, మొత్తం 20 చుట్లు. ఒక హాఫ్ హిచ్ (ఒంటి ముడి) వేసి తడుపు. ఇప్పుడు చేతికి గుడ్డ చుట్టుకుని బ్రెయిడ్‌నీ లీడర్‌నీ ఎదురెదురుగా లాగు. ఇక్కడే చూడాలి. వదులుగా ఉన్నంతసేపు చుట్లు లేత రంగులో, మధ్యలో సందులతో కనిపిస్తాయి. సరిగ్గా బిగిసిన క్షణంలో ఆ సందులు మూసుకుపోయి అల్లిక అంతా ఒక్కసారి ముదురు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మారేదాకా లాగుతూనే ఉండాలి, మారకపోతే ముడి కానట్టే, విప్పి మళ్లీ కట్టు. తర్వాత లీడర్ తోకను దగ్గరగా కత్తిరించి, ఇంకో ఐదారు హాఫ్ హిచ్‌లు వేసి ముగించు. లైటర్ మంట దగ్గరికి తేవద్దు, పోగులెక్క గారు చెప్పిన 150 డిగ్రీలు గుర్తుంచుకో.

సూళ్లూరుపేట వలస

తీగ గురించి నేను చెప్తాను. పులికాట్ ముఖద్వారం దగ్గర, పళవేర్కాడు వైపు ఎక్కువగా ఆడతాను. వంజరం, షీలా పళ్లు కత్తెరలాంటివి, వాటికని ప్రత్యేకంగా వెళ్తే లూర్ ముందు అరజానెడు తీగ పెట్టుకోవచ్చు. కానీ ఎప్పుడూ పెట్టుకుని తిరగొద్దు, తీగ బరువుకు చిన్న మిన్నో ఈత చెడుతుంది, నీళ్లు తేటగా ఉన్న రోజు పారై దగ్గరికే రాదు. పండుగప్పకు తీగ అక్కర్లేదు. దాని నోట్లో కత్తుల్లాంటి పళ్లు ఉండవు, గరుకుకాగితంలా రాస్తుంది, లీడర్ మెల్లగా అరుగుతుంది. దాని మొప్ప అంచు మాత్రం చాలా పదును, చేత్తో పట్టుకునేటప్పుడు వేళ్లు జాగ్రత్త. లీడర్‌గా నలభై పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం మీటరున్నర చాలు, వంతెనల దగ్గర యాభై. మెయిన్ లైను 30 పౌండ్లే కదా, లీడర్ 40 ఎందుకు అని అడుగుతారు కొందరు, లీడర్‌లో మనం కొనేది బలం కాదు, అరగడానికి కాస్త మందం. ప్రతి చేప తర్వాత లీడర్ చివరి అడుగున్నరను గోటితో తడిమి చూడాలి, గరుకు తగిలితే అక్కడిదాకా కత్తిరించి లూర్ మళ్లీ కట్టుకోవాలి. ఒక నిమిషం పని, బద్ధకించకూడదు. పాపర్ వేసే రోజు ఫ్లోరోకార్బన్ బదులు మామూలు నైలాన్ లీడర్ వేసుకో, ఫ్లోరోకార్బన్ బరువుకి మునుగుతుంది, పాపర్ ముక్కును కిందికి లాగుతుంది.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. పులికాట్‌లో జాలర్లు వలలు కట్టుకుని ఉంటారు, తేలే బెండ్లు కనిపిస్తే వాటికి బాగా ఎడంగా విసరాలి. బ్రెయిడ్ వలకు చిక్కితే నువ్వు లాగే ప్రతి లాగూ వల కన్నుల్ని కోస్తుంది, అది ఒకరి పూట కూడు. చిక్కింది అనుకో, లైను వదులు చేసి, వాళ్లను పిలిచి చెప్పి తీయించుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు నిషేధం ఉన్న రోజుల్లో చాలామంది బతుకు ఆ చిన్న వలల మీదే.

కత్తిరించిన ముక్కలు అక్కడ పడేయొద్దు. నైలాన్ అయినా ఎండకు కొన్నేళ్లకు పెళుసవుతుంది, బ్రెయిడ్ మట్టిలో చీకదు, తెగదు. పులికాట్‌లో రాజహంసలు దిగే చోట, నీలాంకరై, బెసెంట్ నగర్ ఇసుకలో జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే చోట కాలికి చుట్టుకునే దారం వదిలి రావడం నేను చూడలేను. చొక్కా జేబులో ఒక చిన్న డబ్బా పెట్టుకుంటే చాలు, అన్ని ముక్కలూ అందులోకి.

ముట్టుకాడు వంతెన

సూళ్లూరుపేట అన్న మాటకు నా రెండు చేతులూ కలుపుతున్నాను. దీనికి తోడు లూర్ రాళ్లలో ఇరుక్కున్నప్పటి సంగతి కూడా చెప్పాలి, కొత్తగా బ్రెయిడ్‌కి వచ్చేవాళ్లు దెబ్బ తినేది అక్కడే. నైలాన్‌ని చేతికి చుట్టుకుని లాగి తెంపడం అలవాటై ఉంటుంది. బ్రెయిడ్‌తో అది చేస్తే వేళ్లు ఎముకదాకా కోసుకుపోతాయి, ఊరికే చెప్తున్న మాట కాదు. చిన్న కర్ర ముక్కో, పాత పైపు ముక్కో సంచిలో పెట్టుకుని లైనును దానికి ఐదారు చుట్లు చుట్టి, వెనక్కి తిరిగి, మెల్లగా నడుచుకుంటూ లాగాలి. వెనక్కి తిరగడం ఎందుకంటే లూర్ ఊడితే మూడు కొక్కేలతో ముఖం మీదికే ఎగిరొస్తుంది. రాడ్‌తో మాత్రం ఎప్పుడూ కుదపొద్దు.

తాంబరం గాలం

అందరికీ చాలా చాలా థాంక్స్. లైను ఆర్డర్ పెట్టేశాను, పీఈ 1.5, 8 పోగులు, 300 మీటర్లు, పసుపు రంగు. ముట్టుకాడు అన్నా, మీ 4 పోగుల పీఈ 2 కోసం తర్వాత ఒక పొట్టి రాడ్, 3000 రీలు తీసుకుంటాను, అప్పుడు మిమ్మల్ని వంతెన దగ్గరే కలుస్తాను.

చివరిగా ఒకటి. ఈ లైను ఎంతకాలం వస్తుంది? ఉప్పునీళ్ల తర్వాత కడగాలా? రంగు వెలిసిపోతే మార్చేయాలా?

కోవళం రాళ్లు

రంగు వెలవడం చూసి మార్చొద్దు. ఆ పోగుకు రంగు లోపలికి ఇంకదు, పైన పూసిందే, కొన్ని వారాల్లో చేతికి కూడా అంటుకుంటుంది, బలానికి దానికి సంబంధం లేదు. చూడాల్సింది నూగు. ముందరి పది ఇరవై మీటర్లను వెలుతురుకు పట్టి చూడు, అక్కడక్కడ వెంట్రుకల్లా లేచి, వేళ్ల మధ్య చదునుగా తగిలితే ఆ భాగం కత్తిరించెయ్. లైను మొత్తం మీద ఒకే చోట నూగు లేస్తుంటే తప్పు లైనుది కాదు, ఏదో ఒక రింగు పగిలి ఉంటుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లను ఒక్కో రింగు లోపల చుట్టూ తిప్పు, దూది ఎక్కడ పీచులా పట్టుకుంటే అక్కడ కంటికి కనపడని చీలిక ఉన్నట్టు. ఆ రింగు మార్పించేదాకా ఏ లైను వేసినా అంతే.

కడగడం తప్పనిసరి. పోగుల మధ్య ఉప్పునీరు ఆరితే ఉప్పు పలుకులు అక్కడే మిగులుతాయి, అవి లైనునీ రింగుల్నీ రెండింటినీ అరగదీస్తాయి. ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, స్పూల్ మీద మంచినీళ్లు సన్నగా పోసి, నీడలో ఆరనివ్వు. ఫోర్సుగా కొట్టొద్దు, నీళ్లు ఉప్పును రీలు లోపలికి తోస్తాయి.

300 మీటర్లు తీసుకున్నావు కాబట్టి ఇంకో లాభం కూడా ఉంది. నువ్వు రోజూ వాడేది ముందరి సగమే. అది పల్చబడ్డాక లైను మొత్తాన్ని వేరే ఖాళీ రీలు మీదికి తీసి, తిరగేసి ఎక్కించుకో. ఇంతకాలం అడుగున ఎండ కూడా చూడని సగం పైకి వస్తుంది, కొత్తదానిలాగే ఉంటుంది. తిరగేసేటప్పుడు కూడా ఆ తడి గుడ్డ, ఆ బిగువు మర్చిపోకు. ఖాళీ రీలు లేకపోతే ఆదివారం పొద్దున్న కోవళం రా, నా దగ్గర పాత 4000 స్పూల్ ఒకటి ఉంది, ఇద్దరం కలిసి మార్చేద్దాం.